కింది గీత

ఆరేళ్ళపాటు కాకినాడ మొత్తానికి జబ్బు లేని మనిషి ఎవరంటే నేనే. గొప్పకి చెప్పుకోవడం కాదు, మా పరీక్ష అలా ఏర్పాటైంది. ఎవరి రక్తమైనా నా రక్తం పక్కన పెట్టి చూసేవాళ్ళం. నా దాంట్లో లేనిది వాళ్ళ దాంట్లో కనిపిస్తే జబ్బు, కనిపించకపోతే ఆరోగ్యం. నా పేరు సత్యవేణి. పందొమ్మిదేళ్ళుగా లాబ్ టెక్నీషియన్‌ని, నోరు కాస్త పెద్దది. ఈ సంగతి రాయాలంటే భయంగా ఉంది. రాయకుండా కూర్చుంటే ఇంకా భయంగా ఉంది.

ఇంకుడు జబ్బు గురించి ఈ తీరంలో తెలియనివాళ్ళు లేరు. మనిషి చూడ్డానికి నిక్షేపంలా ఉంటాడు. ఒకరోజు పళ్ళు తోముకుంటుంటే నెత్తురు ఆగదు. అక్కణ్ణించి ఏడాది తిరక్కుండానే ఒంట్లో కొత్త నెత్తురు పుట్టడం మానేస్తుంది. దీనికంతటికీ మూలం ఒక ఎంజైమ్. మన కణం ఒకటి రెండు కావాలంటే ముందు తన డీఎన్‌ఏకి నకలు రాసుకోవాలి. ఆ రాతకి కావలసిన అక్షరాలు తయారుచేసి ఇచ్చేది ఈ ఎంజైమే. కొందరిలో అది మెలితిరిగి తప్పుడు అక్షరాలు పోతపోయడం మొదలుపెడుతుంది. ఎముకల్లోని మూలుగ నాలుగైదేళ్ళు వాటితోనే నెట్టుకొచ్చి, ఆనక చేతులెత్తేస్తుంది.

ఆ మెలితిరిగిన ఎంజైమ్‌ని మాత్రమే వెతికి పట్టుకునే యాంటీబాడీని పదిహేడో నంబరు కుందేలు ఇచ్చింది. ఇచ్చి చచ్చిపోయింది పాపం. దాని రక్తం నుంచి తీసిన సీసాలు రెండు విడతలు. మొదటి విడత హైదరాబాదులో ఖర్చయిపోయింది, రెండో విడత మాకు వచ్చింది. జబ్బు పుట్టిన మొదటి రెండేళ్ళలో పట్టుకుని మాత్ర మొదలుపెడితే నూటికి తొంభైమంది దక్కుతారు. జబ్బు లేనివాడు అదే మాత్ర మింగితే మూణ్ణెల్లలో వాడి మూలుగ ఎండిపోతుంది. అందరికీ మాత్రలు పంచేస్తే సరిపోదా అనేవాళ్ళకి ఇదీ జవాబు. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో చెప్పేది మా ఫిల్మ్ ఒక్కటే.

పని కష్టమైనది కాదు, ఓపిక కావాలి. రక్తంలోని ప్రోటీన్లని జెల్‌లో పరిగెత్తించి, ఒక తెల్లటి పొర మీదికి ఎక్కిస్తాం. యాంటీబాడీ అక్కరలేని చోట అంటుకోకుండా ఆ పొరని పాలపొడి కలిపిన నీళ్ళలో నానబెడతాం. మా టీలోకీ అదే డబ్బా. తర్వాత యాంటీబాడీ పోసి, కడిగి, చీకటి గదిలో ఫిల్మ్ మీద ముద్ర తీస్తాం. ఈ మొత్తం పనినే బ్లాటు అంటాం. ఒక్కో మనిషికి ఒక్కో వరస. వరసలో పైన నల్లటి గీత వస్తే ఇంకుడు జబ్బు. ఊళ్ళో పెళ్ళిచూపులకి వెళ్ళినవాళ్ళు కాఫీ తాగేలోపే "అబ్బాయికి గీత లేదు కదండీ" అని అడిగేస్తున్నారు.

మొదటి వరస ఎప్పుడూ నార్మల్ మనిషిది. నార్మల్ మనిషిని ఎక్కణ్ణించి తెస్తాం? ఎవరి చేతి బ్లాటుకి వాళ్ళ రక్తమే వేసుకోవడం మా లాబులో ఆనవాయితీ. బ్లాట్లన్నీ నేనే చేసేదాన్ని గనక నార్మల్‌ని కూడా నేనే అయ్యాను. మొట్టమొదటి ఫిల్మ్ మీదే నా వరసలో పై గీత లేదు గానీ, రెండు వేళ్ళ కిందుగా సన్నటి గీత ఒకటి వచ్చింది. మా పెద్దాయన డాక్టర్ శేషావతారం గారు దాన్ని కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశారు.

"రెండో విడత కదమ్మా, కుందేలు రక్తంలో ఇలాంటి చెత్త కొంత ఉంటుంది. నార్మల్‌లోనే వస్తోందంటే జబ్బుకి సంబంధం లేనట్టే. వదిలేసెయ్" అన్నారు.

వదిలేశాం. నలభై యాభై మందిలో ఒకరికి ఆ కింది గీత వచ్చేది, మిగతావాళ్ళకి రాదు. నాకు మాత్రం ప్రతి ఫిల్మ్ మీదా వచ్చేది. దానికి లాబులో 'మేడం గీత' అని పేరు పెట్టేశారు. పోనుపోను అది నార్మల్ వరసలో స్పష్టంగా కనిపిస్తే బ్లాటు బాగా వచ్చినట్టు లెక్క అయిపోయింది. నేనూ మురిసిపోయాను, నా మొహానికి అదొక కిరీటం.

మూడేళ్ళ క్రితం మా తమ్ముడు లోవరాజు పరీక్షకి వచ్చాడు. అమ్మానాన్న పోయాక నాకు మిగిలింది వాడొక్కడే. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న, నేను ఎత్తుకు తిప్పినవాడు. రేవులో పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. గోళ్ళ సందుల్లో గ్రీజు లేకుండా వాణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

"ఏటక్కా, నా నెత్తురు నీ నెత్తురుతో పోలుత్తావా? ఒకమ్మ కడుపున పుట్టినోళ్ళం. తేడా ఏటుంటాదే?" అన్నాడు నవ్వుతూ.

"తెలివైన మాటలు ఆపి పిడికిలి బిగించు" అన్నాను.

వాడి ఫిల్మ్ మీద పై గీత లేదు. కింది గీత ఉంది. నాది మొదటి వరస, వాడిది రెండో వరస. రెండు గీతలూ ఒకే ఎత్తున పక్కపక్కన ఉన్నాయి. నార్మల్ అని రాసి కింద నేనే సంతకం చేశాను. ఆ సాయంత్రం వాడి ఇంట్లో రొయ్యల వేపుడు తిని వచ్చాను.

ఈ ఏడాది ఎండలు ముదిరేటప్పటికి వాడి చేతుల మీద కమిలిన మచ్చలు కనిపించాయి. ఇంజన్ల పని చేసేవాడికి దెబ్బలు తగలక మానవు కదా అనుకున్నాను. వాడి భార్య నూకరత్నం మాత్రం ఊరుకోలేదు.

"వదినగారూ, దిండు మీద నెత్తురు మరకలండి. పొద్దున్నే ముక్కులోంచి కారిందండి. నాకు బయ్యంగా ఉందండి" అంది ఫోన్లో.

"ఎండకి నాలుగు రోజులు ముక్కు అదిరి నెత్తురు వస్తుంది. దానికే గోల చెయ్యకు" అని కసిరాను. కసిరానే గానీ ఆ వారమే వాణ్ణి లాగుకొచ్చి మళ్ళీ పరీక్ష చేశాను. పై గీత లేదు. నాకు ఊపిరి ఆడింది. ఆసుపత్రిలో మాత్రం వాడి నెత్తురు లెక్క వారం వారం పడిపోతోంది. అక్కడి డాక్టర్లు లివర్ చూశారు, గుండె చూశారు, తిన్న మందులన్నీ అడిగారు. ఒకాయన చివరికి విసుగ్గా, "లక్షణాలన్నీ ఇంకుడు జబ్బువే. కానీ అది కాదని మీ లాబే రాసిచ్చింది కదమ్మా" అన్నాడు. ఔను, అది కాదు అన్నాను నేను. పరీక్ష అంటే నాకు అంత నమ్మకం. ఏ చీకట్లో తడుముకుంటున్నారో ఆ చీకటి నేను సంతకం పెట్టి ఇచ్చిందేనని అప్పటికి నాకు తెలియదు.

శ్రావణంలో నాకు జ్వరం వచ్చింది. ప్లేట్‌లెట్లు తగ్గాయి. డెంగీ పరీక్షలో లేదని వచ్చింది, అయినా డెంగీ అనే అనుకుందాం అన్నారు డాక్టరు. ఐదు రోజులు మంచం దిగలేదు. లాబులో పని హెప్సిబా చూసుకుంది. నా ఈడుదే, ఆ నెలే రాజమండ్రి నుంచి బదిలీ మీద వచ్చింది, చాలా భయస్తురాలు. ఐదో రోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"మేడంగారూ, తిట్టకండేం. బ్లాటు పాడైపోయిందండి. మీ గీత రాలేదండి."

"రాకపోవడం ఏమిటి? పాలపొడి ఎక్కువ కలిపి ఉంటావు."

"లేదండి, తూచే వేశానండి. రెండోసారి కూడా చేశానండి. సీసాలో మందు దండగైపోయింది మేడంగారూ, పెద్దాయన ఏమంటారో ఏమోనండి" అంటూ ఏడుపు గొంతు పెట్టింది.

"మొదటి వరసలో ఎవరి రక్తం వేశావు?"

"నాదేనండి. మీరు లేరు కదండి."

"కడిగేటప్పుడు తేడా వచ్చి ఉంటుంది, రేపు వచ్చి చూస్తాను" అని పెట్టేయబోయాను. తనే మళ్ళీ అంది.

"ఒక్కటే అర్థం కావట్లేదండి. మిగతా ఏ వరసలోనూ కింది గీత లేదండి. ఆసుపత్రి వాళ్ళు మీ తమ్ముడుగారి రక్తం మళ్ళీ పంపించారు కదండి, ఆ వరసలో మాత్రం లావుగా వచ్చిందండి. బ్లాటు పాడైపోతే అక్కడొక్కచోటా ఎలా వచ్చిందంటారు?"

ఏం చెప్పానో గుర్తులేదు. ఫోన్ పక్కన పెట్టాక నా మోచేతి మడతలో సూది గుచ్చిన చోటు చూసుకున్నాను. చుట్టూ అరచెయ్యంత మేర ఊదారంగు మచ్చ పాకి ఉంది. బ్లాటు పాడవలేదు. హెప్సిబా నార్మల్ మనిషి. నేను కాదు.

మర్నాడు పొద్దున్నే జ్వరంతోనే లాబుకి వెళ్ళాను. బీరువాలో ఆరేళ్ళ ఫిల్ములు తారీఖుల వారీగా కవర్లలో ఉన్నాయి. తూర్పు కిటికీ దగ్గర బల్ల వేసుకుని ఒక్కొక్కటే వెలుగుకి ఎత్తి చూడ్డం మొదలుపెట్టాను. ముందు నా వరసలే చూసుకున్నాను. మొదటి ఏడు వెంట్రుక మందాన ఉంది. మూడో ఏడుకి దారం పోగంత అయింది. మొన్నటి నెల ఫిల్ములో పురికొసంత ఉంది. ప్రతి నెలా చూస్తూనే ఉన్నాను గనక పెరిగినట్టు తెలియలేదు. అద్దంలో రోజూ చూసుకునే మొహం ముసలిదవుతుంటే తెలుస్తుందా? మా వాడిది మూడేళ్ళ క్రితమే నాది ఇప్పుడున్నంత ఉంది. నాది నిదానం, వాడిది పరుగు.

ఫిల్ములన్నీ మళ్ళీ తారీఖుల వరసన పెట్టుకున్నాను. తర్వాత మిగతావాళ్ళ వరసలు చూశాను. మూడు రోజులు పట్టింది. రెండు వేల చిల్లర మనుషుల్లో కింది గీత ఉండి నేను నార్మల్ అని రాసి పంపినవాళ్ళు నలభై ఆరుగురు. మా వాడితో కలిపి.

కాగితం తీసుకెళ్ళి శేషావతారం గారి ముందు పెట్టాను. ఆయన పేర్ల మీద వేలు జరుపుతూ కిందిదాకా చదివారు. మంచి మనిషే. మాట్లాడటం మొదలుపెట్టాక మాత్రం నా కంటే ఎక్కువ భయపడుతున్నారని అర్థమైంది.

"ఆరేళ్ళుగా ఉందంటున్నావు. నువ్వు లక్షణంగా తిరుగుతున్నావు కదా. మరి అది జబ్బెలా అవుతుంది?"

నేను మోచెయ్యి చాపి చూపించాను.

"జ్వరం వచ్చింది కదమ్మా" అన్నారు గానీ ఆ మాట ఆయనకే నచ్చలేదు. "చూడు, మన లాబు పొరబడిందని ఊళ్ళో పొక్కితే పై గీత వచ్చినవాళ్ళు కూడా మాత్రలు మానేస్తారు. వాళ్ళు చస్తారు. ఇదేదో అపోహ అయి, ఈ నలభై ఆరుగురూ మాత్రలు మింగితే వీళ్ళు చస్తారు. రుజువు లేకుండా ఎలా? నెల రోజులు ఆగి, హైదరాబాదు పంపిద్దాం."

ఆయన చెప్పింది తప్పు కాదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది. కానీ మా వాడికి నెల రోజులు లేవు.

"రుజువు కోసం హైదరాబాదు దాకా ఎందుకండి? ఫోన్ చేస్తే తెలిసిపోతుంది" అని ఆయన బల్ల మీది ఫోనే అందుకున్నాను.

కాగితంలో మొదటి పేరు సామర్లకోట మనిషి, నా బ్లాటు ఐదేళ్ళ క్రితంది. ఆయన భార్య తీసింది. "ఆయనెక్కడున్నారండీ, పోయిన మాఘమాసంలో పోయారు. డెంగీ అన్నారండి. ముక్కుల్లోంచీ చిగుళ్ళలోంచీ ఒకటే నెత్తురండి" అంది. రెండో నంబరు పిఠాపురం. కొడుకు ఎత్తాడు. తల్లి ఉగాదికి పోయిందట, లివర్ అన్నారట. "మీ పరీక్షలో ఏం లేదని వచ్చాక ధైర్యంగా ఉన్నామండి" అన్నాడు. మూడో నంబరుకి మనిషే పలికాడు. తాళ్ళరేవు దగ్గర కొబ్బరి దింపుల మేస్త్రీ.

"ఆయ్, చెప్పండి మేడంగారూ! బాగున్నాం. మా పెద్దమ్మాయికి సమ్మందం కుదిరిందండి, మీరిచ్చిన సర్టిఫికెట్టు చూసే ఒప్పుకున్నారు. మీకు శుభలేక అంపుతామండి."

"చిగుళ్ళలోంచి నెత్తురు ఏమన్నా వస్తోందా?" అన్నాను.

అవతల నవ్వు ఆగిపోయింది. "ఎందుకండీ?" అన్నాడాయన. చాలా చిన్నగా అన్నాడు. ఆ 'ఎందుకండీ' ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నేను ఫోన్ పెట్టేసరికి శేషావతారం గారు కుర్చీ జరుపుకుని నా పక్కన కూర్చున్నారు. కాగితాన్ని సగానికి మడిచి, కింది సగం తను తీసుకుని, జేబులోంచి తన ఫోన్ తీశారు. ఆ పూట ఇద్దరం అవే మాటలు చెబుతూ కూర్చున్నాం. సాయంత్రానికి లెక్క తేలింది. నలభై ఆరుగురిలో పదమూడుగురు పోయారు. పదమూడుగురికీ వేరే జబ్బు పేర్లు రాసి ఉన్నాయి. మిగతావాళ్ళు ఎవరు ఎప్పుడు వచ్చి మాత్రలు తీసుకోవాలో ఆయనే రాశారు.

"మీ తమ్ముడి పేరు మీద టిక్కు లేదు" అన్నారు.

"వాడికి చెప్పలేదండి."

ఊరు ఊరంతటికీ చెప్పాను. పరాయివాళ్ళ ఏడుపు విన్నాను, తిట్లు తిన్నాను. ఆ ఒక్క నంబరు దగ్గరికి వచ్చేసరికి కిందికి దాటేస్తూ వచ్చాను. పిరికితనం అని వేరే పేరు పెట్టక్కర్లేదు.

"ఇప్పుడు మొదలుపెడితే వాడికి ఎంతవరకు ఆశ ఉందండి?"

ఆయన నా కళ్ళలోకి చూడలేదు. "మూడేళ్ళ క్రితమైతే నూటికి తొంభై. ఇప్పుడు పది అనుకో. నీది వేరు. నిదానంగా పెరుగుతోంది. నీకు చాలా అవకాశం ఉంది." ఆ మాటకి నాకు సంతోషం కలగలేదు, సిగ్గేసింది. రెండు పట్టీల మాత్రలు నా చేతిలో పెట్టారు. "ఒకటి నీది, మర్చిపోకు" అన్నారు.

మర్నాడు పదకొండింటికి జగన్నాథపురంలో వాడి ఇంటికి వెళ్ళాను. వంతెన మీదే ఆటో ఆపించి కాసేపు నిలబడ్డాను. వాడు ముందు గదిలో ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. ముక్కులో దూది. గోళ్ళు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. పనికెళ్ళి నెల దాటింది కదా. ఆ గోళ్ళు చూడగానే దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ పోయాయి. సంచిలోంచి మూడేళ్ళ నాటి ఫిల్ము తీసి వాడి చేతికిచ్చాను.

వాడు మెకానిక్కు. ఏదిచ్చినా ముందు తిప్పి చూసి, ఎక్కడ ఏముందో కనిపెడతాడు. కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదేనా నా వరస?"

"అదే. రెండోది."

"ఈ కిందున్న గీతేటి?"

"జబ్బు రా. ఇంకుడు జబ్బే. ఇన్నాళ్ళూ పైన వచ్చేదే జబ్బనుకున్నాం. కింద వచ్చేదీ అదే."

వాడు గీత మీద వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "ఇది మూడేళ్ళ కితం ఫిల్మేనా?"

"ఆ."

"మరప్పుడు నీకు కనపళ్ళేదా అక్కా?"

కుందేలు రెండో విడత అని చెప్పొచ్చు. పెద్దాయన వదిలేయమన్నారని చెప్పొచ్చు. రెండూ నిజాలే.

"కనపడింది రా" అన్నాను.

"కనపడితే మరి నార్మలని ఎందుకు రాశావు?"

"నాక్కూడా ఉంది కాబట్టి."

వాడి వేలు రెండో వరస మీంచి మొదటి వరస మీదికి జరిగి, అక్కడి గీత దగ్గర ఆగింది. దాని పైన నా పేరు నా రాతతోనే రాసి ఉంది. నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"నువ్వు మాత్ర ఏసుకున్నావా?" అన్నాడు చివరికి.

"లేదు."

"ఏం?"

"భయంరా. నాకు నిజంగా ఉందో లేదో అని కూడా భయమే. లేకుండా మింగితే పోతాను. ఇన్నేళ్ళూ అందరికీ చెప్పాను, ఇప్పుడు నాకెవరు చెబుతారు?"

"నాకూ బయ్యంగానే ఉంది" అన్నాడు వాడు. నా సంచిలో పైకి కనిపిస్తున్న పట్టీ లాక్కుని, రెండు మాత్రలు ఒలిచాడు. ఒకటి తన అరచేతిలో వేసుకుని, రెండోది నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసేశాడు.

లోపలి గదిలోంచి నూకరత్నం గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి గుమ్మంలో నిలబడింది. మొత్తం విందో, ఎంత విందో తెలియదు. మొహం పాలిపోయి ఉంది.

"ఇంకో గ్లాసు తేయే" అన్నాడు వాడు. "అక్క కూడా ఏసుకోవాలి."